మనిషి సింగపూర్‌లో, సింకార్డు విజయనగరంలో

ప్రశ్న: మొదటిసారి ఒంటరిగా సింగపూర్ వెళ్లాను. రోమింగ్ బిల్లుకు భయపడి నా సింకార్డును పాత ఫోనులో వేసి మేనల్లుడి చేతికిచ్చాను. ఓటీపీ వచ్చినప్పుడల్లా వాట్సాప్‌లో పంపేవాడు. రెండో రోజు వాడు కాలేజీలో ఉండగా మెట్రో గేటు నా కార్డును తీసుకోలేదు. బ్యాంకు యాప్ తెరుద్దామంటే ఓటీపీ లేదు. ఏం చేసి ఉండాల్సింది?
– ఒక పాఠకురాలు, విజయనగరం

జవాబు: ఇదే ఉత్తరం ఇంతకుముందు రాజాం నుంచి వచ్చింది, టెక్కలి నుంచీ వచ్చింది. ఊళ్లు మారుతున్నాయి గానీ మేనల్లుడు మారడం లేదు.

గేటు సంగతి చిన్నది. అక్కడి మెట్రోలో తాకిస్తే పనిచేసే వీసా, మాస్టర్‌కార్డ్ చాలు. అయితే 2020 నుంచి రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం మన కొత్త కార్డులు దేశంలోని ఏటీఎంలకు, దుకాణాల యంత్రాలకు మాత్రమే తెరిచి ఉంటాయి. విదేశీ వాడకం, తాకించి చెల్లించడం మీరే అనుమతించుకోవాలి, అదీ ఇక్కడ ఉండగానే. పరిమితి తక్కువ పెట్టండి, తిరిగి రాగానే మూసేయండి. విదేశీ వెబ్‌సైట్లలో చాలాచోట్ల ఓటీపీ అడగకుండానే డబ్బు కోసేస్తారు.

సింకార్డు మీ ఫోనులోనే ఉండాలి. బయల్దేరే ముందు రోమింగ్ చేయించి, దాని డేటా ఆపేసి, ఇంటర్నెట్‌కు అక్కడి ఈ-సిమ్ (కార్డు లేకుండా ఫోనులోకే దించుకునే సిమ్) వాడండి. బిల్లు పెంచేది డేటా, ఎత్తిన కాల్. ఓటీపీ సందేశం అందుకున్నందుకు సాధారణంగా చార్జీ పడదు.

నన్ను నిజంగా భయపెట్టేది మీ మేనల్లుడికి అయిన అలవాటు. అత్త అడిగితే అంకెలు పంపాలని వాడికి మీరే నేర్పారు. మీరు విమానాశ్రయంలో ఫొటో దిగి స్టేటస్‌లో పెట్టారనుకుందాం. అది చూసిన మోసగాడు కొత్త నంబరు నుంచి ఇలా రాస్తాడు: ‘అత్తనురా, ఫోను పోయింది, ఇది హోటల్ వాళ్లది. ఇప్పుడొచ్చే ఆరంకెలు పంపు.’ వాడు పంపేస్తాడు. వాడి తప్పేమీ లేదు, నాలుగు రోజులుగా చేస్తున్న పనే. ఆ ఫొటోలో బోర్డింగ్ పాస్ కూడా ఉంటే ఇంకా సులువు. ఇంటిపేరు, బుకింగ్ కోడ్ తెలిస్తే చాలా విమాన సంస్థల సైట్లలో మీ ప్రయాణ వివరాలన్నీ తెరుచుకుంటాయి.

సింకార్డు వెంట తీసుకెళ్తే ఫోనుతో పాటు అదీ పోవచ్చు కదా అంటారు. పోవచ్చు. ఫోనుకు ఎంత గట్టి తాళం వేసినా, సింకార్డు ఊడదీసి వేరే ఫోనులో వేస్తే ఓటీపీలు అక్కడ మోగుతాయి. అందుకే సిమ్‌కే పిన్ పెట్టండి, ఏ ఫోనులో వేసినా ముందు అదే అడుగుతుంది. తొలి పిన్ ఏమిటో ఆపరేటర్‌ను అడిగి తెలుసుకోండి, ఊహించి నొక్కవద్దు. మూడుసార్లు తప్పితే పీయూకే కోడ్ (బిగిసిన సిమ్‌ను తెరిచే సంఖ్య) అడుగుతుంది, అదీ పదిసార్లు తప్పితే ఆ సిమ్ ఇక పనికిరాదు.

ఇక బ్యాంకు యాప్‌లు. సింకార్డు ఫోనులో లేకపోతే తెరుచుకోకపోవడం భద్రత కోసమే, ఒప్పుకుంటాను. కానీ తెర మీద కనిపించేది ‘సాంకేతిక లోపం, తర్వాత ప్రయత్నించండి’. లోపమెక్కడుంది? పండగ రుణాల ప్రకటనకు తెరంతా చోటుంటుంది, ‘మీ సిమ్ కనబడటం లేదు’ అనే ఒక్క ముక్కకు ఉండదు. రిజర్వు బ్యాంకు 2025 సెప్టెంబరు ఆదేశాలు కూడా రెండు అంచెల ధ్రువీకరణ అడిగాయే గానీ, అందులో ఒకటి ఎస్సెమ్మెస్సే కావాలనలేదు. ఈ ఎస్సెమ్మెస్‌ను వదలలేనిది మన బ్యాంకులే. అవి వదలనంత కాలం మేనల్లుళ్లకు తీరిక ఉండదు.

ప్రశ్న: బ్యాంకాక్‌లో తొలి రోజు మ్యాపులోని నీలం చుక్క నన్ను పక్కవీధిలో చూపించింది. ఫోను పాడైందా?
– ఒక పాఠకుడు, శ్రీకాకుళం

జవాబు: బాగానే ఉంది. ఎత్తయిన భవనాల గోడలకు తగిలి ఉపగ్రహ సంకేతం ఆలస్యంగా చేరితే చుక్క అలా గెంతుతుంది. మీ శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలిలో మీకు ఆ అనుభవం అయి ఉండదు. కాస్త ఖాళీ చోటుకు నడిస్తే సర్దుకుంటుంది. ఇంకో మాట. ముందే దించుకున్న గూగుల్ మ్యాపు ఇంటర్నెట్ లేకుండా కారు దారి చూపిస్తుంది, నడక దారీ రైలు దారీ చూపించదు. కనుక హోటల్‌లో దిగగానే వాళ్ల చిరునామాను ఒక కాగితం మీద థాయ్ లిపిలో రాయించుకుని జేబులో పెట్టుకోండి. టాక్సీ డ్రైవరుకు అదే చూపించవచ్చు.