ఐదు దేశాలు వద్దు, మూడు చాలు

చిన్నీకి, అత్త ఆశీస్సులు.

నువ్వు పంపిన ప్రణాళిక చూశాను. ఇరవై ఎనిమిది రోజులు, ఆగ్నేయాసియాలో ఐదు దేశాలు, లక్షా యాభై వేల రూపాయలు. ఊరికో రంగు, గుడికో గుర్తు పెట్టి ముచ్చటగా తయారుచేశావు. అందులో మలేషియా, కంబోడియాల మీద ఎర్ర గీత కొట్టాను. కోపం తెచ్చుకోకుండా లెక్క విను.

దేశం మారిన ప్రతిసారీ ఒక రోజు పోతుంది. పొద్దున్నే గది ఖాళీ చేయాలి, బస్సెక్కాలి, సరిహద్దులో వరసలో నిలబడాలి, వీసా రుసుము కట్టాలి, మిగిలిన నోట్లు నష్టానికి మార్చుకోవాలి, కొత్త సిమ్ కొనాలి. చీకటిపడ్డాక తెలియని ఊళ్లో దిగితే బేరమాడే ఓపిక ఉండదు, టాక్సీవాడు అడిగినంత ఇచ్చేస్తావు. అదే ఒక ఊళ్లో ఐదు రోజులుంటే మూడో రోజుకల్లా ఏ సందులో భోజనం చవకో, ఏ బస్సు ఎక్కడ ఆగుతుందో తెలిసిపోతుంది. గది యజమానురాలిని అడిగితే అద్దె కూడా కాస్త తగ్గిస్తుంది. నీ కాగితంలో నాలుగు సరిహద్దులున్నాయి. ఏమీ చూడకుండానే నాలుగు రోజులు, వాటి వెంట బోలెడు డబ్బు పోతాయి. చేతిలో డబ్బు తక్కువగా ఉన్నవాళ్లు చేయవలసిన పొదుపు మొదట కదలికలోనే, తిండిలో కాదు.

కంబోడియా సంగతి. బ్యాంకాక్ నుంచి రోడ్డు మీద వెళ్లి పోయ్‌పేట్ దగ్గర సరిహద్దు దాటి అంకోర్ గుళ్లకు చేరతానని రాశావు. ఏ పాత వీడియో చూసి రాశావో! 2025లో థాయిలాండ్, కంబోడియా సైన్యాలు సరిహద్దులో తలపడ్డాయి, జూలైలో కాల్పులు జరిగాయి, రోడ్డు మార్గాలు మూసేశారు. ఏ సరిహద్దయినా టికెట్ కొనే వారంలో తెరిచి ఉందో లేదో చూసుకోవాలి. పైగా అంకోర్‌కు నువ్వు కేటాయించింది ఒకే రోజు. అక్కడ ఒక రోజు టికెట్ 37 డాలర్లు, మూడు రోజులది 62. ఆ మూడు రోజులను పది రోజుల వ్యవధిలో ఎప్పుడైనా వాడుకోవచ్చు. హంపీని ఒక్క పూటలో చూసేశానన్న వాళ్లను నువ్వే వెక్కిరిస్తావు కదా. కంబోడియాను, దక్షిణ వియత్నాంను కలిపి ఇంకో ఏడాదికి దాచుకో.

ఇక మిగిలిన మూడు: థాయిలాండ్ తొమ్మిది రోజులు, లావోస్ ఏడు, ఉత్తర వియత్నాం పన్నెండు. బెంగళూరు నుంచి బ్యాంకాక్‌కు వెళ్లు, హనోయ్ నుంచి తిరిగి రా. వచ్చిన దారినే వెనక్కి రావద్దు, అది కూడా ఖర్చే. నవంబరులో వెళుతున్నావు కాబట్టి మధ్య వియత్నాం జోలికి పోకు. మనకు వానలు వెనకబట్టే కాలంలో అక్కడ హ్యూ, హోయ్ ఆన్ తరచూ వరదల్లో ఉంటాయి. ఉత్తరాన అప్పుడు పొడిగా, చల్లగా ఉంటుంది. అనంతపురం ఎండకు అలవాటైన ప్రాణం నీది, హనోయ్‌లో డిసెంబరు రాత్రికి స్వెటర్ లేకపోతే వణుకుతావు. చియాంగ్ మాయ్‌లో మన కార్తీక పౌర్ణమి రోజుల్లోనే నీటిలో దీపాలు వదిలే పండుగ వస్తుంది. చూడదగ్గదే. కానీ ఆ వారం గదుల ధరలు పెరుగుతాయి, ముందే మాట్లాడుకో.

చియాంగ్ మాయ్ నుంచి లావోస్‌కు విమానం పెట్టావు. అది కొట్టేశాను. బస్సులో చియాంగ్ ఖోంగ్ వరకు వెళ్లి, మెకాంగ్ మీది వంతెన దాటితే అవతల హువాయ్ సాయ్. అక్కడినుంచి పొద్దున బయలుదేరే పడవ రెండు పగళ్లు నదిలో ప్రయాణించి లుయాంగ్ ప్రబాంగ్ చేరుతుంది. మధ్యలో రాత్రి పాక్ బెంగ్ అనే చిన్న ఊళ్లో బస. పడవలో చేసే పని ఏమీ ఉండదు, ఫోన్‌కు సిగ్నల్ కూడా సరిగా ఉండదు. ఒంటరిగా వెళ్లే మనిషికి తోడు దొరికేది అలాంటి చోటే. రెండు రోజులు పక్కపక్కన కూర్చున్నవాళ్లు తర్వాతి ఊళ్లో గది పంచుకుంటారు, టాక్సీ పంచుకుంటారు, జ్వరం వస్తే గంజి తెచ్చి ఇస్తారు. పడవ దిగే రేవు ఊరికి దూరంగా ఉంటుంది, అక్కడ బండివాడికి ఇవ్వాల్సిన చిల్లర వేరుగా పెట్టుకో. లుయాంగ్ ప్రబాంగ్ 1995 నుంచి యునెస్కో జాబితాలో ఉన్న ఊరు. తెల్లవారుజామున బౌద్ధ భిక్షువులు వీధుల్లో భిక్షకు వస్తారు, దూరంగా నిలబడి చూడు, వాళ్ల ముఖాల ముందు ఫోన్ పెట్టకు.

ఒక్క చోట మాత్రం డబ్బు ఖర్చు పెట్టు. లుయాంగ్ ప్రబాంగ్ నుంచి హనోయ్‌కు బస్సు ఒక రోజంతా కొండల్లో తిప్పుతుంది. విమానం గంట. బస్సుకు ఆశపడి వెళితే హనోయ్‌లో మరో రోజు పడుకోవడానికే సరిపోతుంది.

నేను వేసిన పద్దు ఇది. డాలరు తొంభై రూపాయలనుకొని వేశాను, తక్కువ ఉంటే నీ అదృష్టం. మూడు విమాన టికెట్లు కలిపి 38 వేలు. లావోస్, వియత్నాం వీసాలకు 7 వేలు. ప్రయాణ బీమా 2,500. రోజు ఖర్చు 2,800 చొప్పున ఇరవై ఎనిమిది రోజులకు 78,400. మొత్తం 1,25,900. మిగిలిన 24,100 నీది కాదనుకో. అది ఆసుపత్రికి, తప్పిపోయిన విమానానికి, ఉన్నట్టుండి ఇంటికి రావాలనిపిస్తే టికెట్టుకు. నీ కాగితంలో ఆ వరసే లేదు, అందుకే చూడగానే పెదవి విరిచాను. 2,800లో పడక 900, తిండి 800, ఊరి లోపల తిరగడం, చూడవలసినవాటి టికెట్లు, బట్టలు ఉతికించడం మిగతావాటిలో సర్దుకోవాలి. పడవ, రాత్రి రైలు లాంటివి పడ్డ రోజు దాటిపోతుంది, పుస్తకం పట్టుకుని ఊరికే కూర్చున్న రోజు మిగులుతుంది. ప్రతి రాత్రీ నోటు పుస్తకంలో ఆ రోజు లెక్క రాయి. వారానికోసారి కూడితే దారి తప్పుతున్నావో లేదో తెలుస్తుంది.

బ్యాంకులో పనిచేసిన మనిషిని, కార్డుల గురించి చెప్పకుండా ఉండలేను. మన దేశంలో చాలా కార్డుల మీద విదేశీ ఖర్చుకు మూడున్నర శాతం, దానిపైన జీఎస్టీ పడతాయి. నీ 78 వేల రోజు ఖర్చు మీద అది మూడు వేలు దాటుతుంది, అంటే ఒక రోజు ఖర్చంతా పోయినట్టే. ఈ రుసుము లేని కార్డులు కూడా ఉన్నాయి, వెతికి ఒకటి తీసుకో. థాయిలాండ్ ఏటీఎంలో ఎంత తీసినా విదేశీ కార్డుకు 220 బాత్ లేదా అంతకు మించి కోస్తారు కాబట్టి కొంచెం కొంచెంగా తీయకు. ఏటీఎం గానీ దుకాణం యంత్రం గానీ ‘మీ రూపాయల్లో లెక్క కట్టమంటారా?’ అని అడిగితే వద్దు అని నొక్కు. ఆ దేశపు డబ్బులోనే కట్టు. లేకపోతే వాళ్లు పెట్టిన రేటుకు బలవుతావు. 2020 నుంచి మన కార్డులు విదేశాల్లో పనిచేయాలంటే మనమే ఆ సౌకర్యం తెరవాలి, బయలుదేరకముందే యాప్‌లో తెరిచి పరిమితి పెట్టుకో. రెండు వేర్వేరు బ్యాంకుల కార్డులు తీసుకుని ఒకటి నడుం సంచిలో, ఒకటి పెద్ద బ్యాగు అడుగున ఉంచు. మూడు నాలుగు వందల డాలర్ల నోట్లు కూడా కావాలి. మడత, చిరుగు, సిరా మరక లేని నోట్లు అడిగి తీసుకో, చెడ్డ నోట్లు అక్కడ ఎవరూ ముట్టుకోరు. మన సిమ్‌కు రోమింగ్ ఆపవద్దు, ఓటీపీ రాకపోతే ఎంత డబ్బున్నా చేతికి రాదు.

కాగితాల్లో మనవాళ్లకు వచ్చే చిక్కు పేరు దగ్గరే. పదో తరగతి సర్టిఫికెట్‌లో ఇంటిపేరు ఒక అక్షరం, పాస్‌పోర్టులో పూర్తి ఇంటిపేరు, ఆధార్‌లో ఇంకో వరస. విమాన టికెట్, వీసా, బీమా మూడూ పాస్‌పోర్టులో ఉన్నట్టే అక్షరం తేడా లేకుండా ఉండాలి. గడువు కనీసం ఆరు నెలలు మిగిలి ఉండాలి. వియత్నాం ఈ-వీసా ఒకసారి ప్రవేశానికి 25 డాలర్లు. ఆ దేశ ప్రభుత్వ వెబ్‌సైట్‌లోనే కట్టు. అచ్చం దానిలాగే కనిపించే దళారుల సైట్లు చాలా ఉన్నాయి. ఏ విమానాశ్రయంలో దిగుతావో అందులో రాయాలి, హనోయ్‌ది నోయ్ బాయ్. థాయిలాండ్ 2024 జూలైలో మనవాళ్లను వీసా లేకుండా 60 రోజులకు అనుమతించింది. ఈ నిబంధనలు తరచూ మారతాయి, టికెట్ కొనే ముందు రాయబార కార్యాలయం సైట్ చూడు. 2025 మే నుంచి అక్కడ దిగడానికి ముందు మూడు రోజుల లోపు ఆన్‌లైన్‌లో ఆగమన కార్డు కూడా నింపాలి, దానికి రుసుము లేదు. తిరుగు టికెట్, మొదటి బస రసీదు, బ్యాంకు స్టేట్‌మెంట్ అచ్చు వేయించి పెట్టుకో. అక్కడికంటే ముందు బెంగళూరు ఇమిగ్రేషన్‌లోనే అడిగే అవకాశం ఉంది.

మీ నాన్న ఫోన్ చేసి ‘ఆడపిల్ల ఒంటరిగా ఎలా వెళుతుంది అక్కా’ అన్నాడు. మా ఉమ్మడి కడప జిల్లా సంగతి వాడికి గుర్తుచేశాను. రాయచోటి వైపు పల్లెల నుంచి ఆడవాళ్లు ఎన్నో ఏళ్లుగా ఇళ్లలో పనికి కువైట్ వెళుతున్నారు. ఇంగ్లీషు రాదు, అరబ్బీ రాదు, చాలామంది అంతకుముందు రైలు కూడా ఎక్కలేదు. వాళ్లు పంపిన డబ్బు నా కౌంటరు మీదుగానే వచ్చేది. సెలవులో వచ్చినప్పుడు వాళ్లు చెప్పిన జాగ్రత్తలే నేను ఒంటరిగా వెళ్లిన ప్రతిచోటా పాటించాను. పాస్‌పోర్టు ఎవరి చేతిలోనూ వదలకూడదు. నకలు ఇంట్లో ఒకటి, బ్యాగులో ఒకటి ఉండాలి. రెండు ఫోన్ నంబర్లు కంఠస్థం రావాలి, ఫోన్ పోయిన రోజున అవే దిక్కు. ఇంటికి ఎప్పుడు మాట్లాడతావో వారం, వేళ ముందే చెప్పాలి. రోజూ మాట్లాడతానని మాట ఇస్తే ఒక్క రోజు తప్పినా ఇంట్లో ఏడుపులు మొదలవుతాయి. నువ్వు వెళ్లేది సరదాకు, చదువుకున్నదానివి, చేతిలో తిరుగు టికెట్ ఉంది. వాళ్లకు ఉన్న భయంలో నీకు పావు వంతు కూడా ఉండకూడదు.

స్కూటర్ అద్దెకు ఇచ్చేవాళ్లు పాస్‌పోర్టు తాకట్టు అడుగుతారు. ఇవ్వకు, డబ్బు కట్టు, లేదా నడిచి వెళ్లు. నీ లైసెన్సు ఆ దేశంలో చెల్లకపోతే ప్రమాదం జరిగినప్పుడు బీమా కంపెనీ పైసా ఇవ్వదు. కాబట్టి అసలు నడపవద్దనే నా మాట. ఇంకొకటి. హువాయ్ సాయ్ ఉన్న బొకేయో రాష్ట్రంలోనే, మెకాంగ్ ఒడ్డున, ఉద్యోగం పేరుతో మనవాళ్లను రప్పించి సైబర్ మోసాలు చేయించే ముఠాల అడ్డాలున్నాయి. భారత రాయబార కార్యాలయం అక్కడినుంచి మన యువకులను విడిపించింది. కంప్యూటర్ పని ఉంది, డాలర్లలో జీతం అని దారిలో ఎవరు చెప్పినా, తెలుగువాడే చెప్పినా, ఆ సంభాషణ అక్కడితో ఆపెయ్యి.

సామాను ఏడు కిలోలు దాటకూడదు, అప్పుడే విమానంలో చేతి సంచిగా సాగుతుంది. అంటే మీ అమ్మ కట్టే ఊరగాయ సీసా, కారం పొడి ఇంట్లోనే ఉండాలి, భద్రతా తనిఖీలో ఆపేస్తారు. వేయించిన వేరుశనగ గింజలు తీసుకో, బస్సు దారుల్లో అక్కరకొస్తాయి. శాకాహారివి కదా, ఆ దేశాల్లో కూరగాయల వంటకంలో కూడా చేపల సాస్ పోస్తారు. థాయిలాండ్‌లో ‘జే’, వియత్నాంలో ‘చాయ్’ అని రాసి ఉన్న దుకాణాలు వెతుకు, అవి పూర్తి శాకాహారం. వియత్నాంలో చాంద్రమాసం ఒకటో రోజు, పదిహేనో రోజు చాలామంది మాంసం మానేస్తారు, ఆ రెండు రోజులు నీకు తేలిగ్గా తిండి దొరుకుతుంది.

ఇవన్నీ బయలుదేరాక నేర్చుకోవద్దు. వచ్చే నెలలో అదే బ్యాగు, అదే బరువు వేసుకుని నాలుగు రోజులు హంపీ వెళ్లు. గుంతకల్లులో రైలు మారితే హోస్పేట దగ్గరే. ఆనెగొంది, సనాపురం వైపు హాస్టళ్లలో పడక తీసుకో, ఆరుగురు కొత్తవాళ్లున్న గదిలో నిద్ర పడుతుందో లేదో అక్కడే తేలుతుంది. నెలల తరబడి తిరుగుతున్న విదేశీయులు అక్కడికి వస్తుంటారు. ఏ దారిలో ఎంత పెట్టారో అడుగు, దాచుకోరు. ఆ నాలుగు రోజుల లెక్క కూడా నోటు పుస్తకంలో రాయి. వెళ్లే రోజు అనంతపురంలో క్లాక్ టవర్ నుంచి స్టేషన్ వరకు ఆటో ఎక్కకుండా నడువు. దారిలో రెండుసార్లు బ్యాగు దించావంటే, ఇంటికొచ్చాక సగం బట్టలు తీసెయ్యి.

బయలుదేరే రోజు బెంగళూరు నగరంలోకి వెళ్లనక్కర్లేదు. అనంతపురం నుంచి వెళ్లే బస్సు దేవనహళ్లి మీదుగానే పోతుంది, అక్కడ దిగితే విమానాశ్రయం దగ్గర. తెల్లవారుజామున విమానమైతే ముందు రోజు సాయంత్రం బస్సే ఎక్కు.

హంపీ లెక్కలు, కొత్త ప్రణాళిక కలిపి పంపు. రోజుకు 2,800లో నువ్వు సర్దుకోగలవని అందులో కనిపిస్తే మీ నాన్నతో నేనే మాట్లాడతాను. టికెట్లు ఆ తర్వాత కొందువుగాని.

నీ అత్త,
కడప