ఎండాకాలంలో కొండదారుల్లో పరుగెత్తడం నిజంగా బాగుంటుందా?

మీ ప్రశ్న ఇదీ: చలికాలమంతా హైదరాబాద్ రోడ్ల మీద పరుగెత్తారు. ఏప్రిల్ రాగానే అందరూ మానేయమంటున్నారు. మీకేమో ఇప్పుడే గుట్టల్లో, మట్టిదారుల్లో మొదలుపెట్టాలని ఉంది. ఈ ఎండల్లో అది కుదురుతుందా, అందులో సంతోషం ఏముంటుంది, బూట్లు వేరేవి కొనాలా అని అడిగారు.

కుదురుతుంది. నేను మామూలుగా ఖాజాగూడ గుట్టల్లో పరుగెత్తుతాను, వీలైన ఆదివారాలు వికారాబాద్ దగ్గర అనంతగిరికి వెళ్తాను. మా అమ్మావాళ్లు ఉండేది విశాఖలో కాబట్టి సెలవులకు వెళ్తే సింహాచలం కొండ ఉండనే ఉంది. ఏడాది మొత్తంలో నాకు ఇష్టమైన పరుగు నెలలు ఏవంటే ఏప్రిల్, మే అనే చెబుతాను. చలికాలంలో నా చూపంతా వాచీ మీదే ఉంటుంది. వేసవిలో వేగంగా పోలేం కాబట్టి చూపు చెట్ల మీదికి, రాళ్ల మీదికి పోతుంది. ఆ నెమ్మదితనమే ఈ కాలపు పరుగులో అసలు రుచి.

కిలోమీటరుకు ఎన్ని నిమిషాలు అనే లెక్క ముందు పక్కన పెట్టేయండి. ఎండలో గుండెకు రెండు పనులు పడతాయి. కాళ్లకు రక్తం పంపాలి, ఒంట్లో వేడి బయటికి పోవడానికి చర్మానికీ పంపాలి. అందుకే జనవరిలో హాయిగా అనిపించిన వేగం మేలో ఆయాసం తెప్పిస్తుంది. పక్కవాళ్లతో ఒక పూర్తి వాక్యం ఆగకుండా మాట్లాడగలిగితే అదే మీ సరైన వేగం. ఎక్కుడు వస్తే నడవండి. ఏళ్ల తరబడి కొండల్లో పరుగెత్తేవాళ్లు కూడా నిటారుగా ఉన్నచోట నడిచే ఎక్కుతారు, అందులో నామోషీ ఏమీ లేదు.

వేళ మాత్రం పొద్దున్నే. మే నెలలో హైదరాబాద్‌లో ఐదూముప్పావు ప్రాంతంలో సూర్యోదయం, అంతకు అరగంట ముందే దారి కనిపించేంత వెలుగు వస్తుంది. ఐదుంబావుకి మొదలుపెట్టి ఏడు లోపు ముగించేలా చూసుకోండి. సాయంత్రం ఎండ తగ్గాక వెళ్దాంలే అనుకుంటారు చాలామంది. ఖాజాగూడలో సాయంత్రం ఏడు గంటలకు ఒక బండ మీద అరచెయ్యి పెట్టి చూడండి, ఎందుకు వద్దంటున్నానో తెలుస్తుంది. సుమారు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైట్ అది. పగలంతా పీల్చుకున్న వేడిని చీకటి పడ్డాక తీరిగ్గా వదులుతుంది. రెండు బండల మధ్య సందులోంచి వెళ్తుంటే ఆ సెగ మొహానికి కొడుతుంది. తెల్లవారేసరికి అదే బండ చల్లబడి ఉంటుంది, దాని మీద వెల్లకిలా పడుకుంటే లేవబుద్ధి కాదు.

అనంతగిరిలో మరో సంగతి గమనించాను. పైన మట్టిరోడ్డు మీద గాలి గోరువెచ్చగా ఉంటుంది. దారి లోయలోకి దిగుతుండగా ఒక మలుపు తర్వాత ఉన్నట్టుండి చన్నీళ్లలోకి దిగినట్టు మోకాళ్ల నుంచి పైకి చల్లదనం పాకుతుంది. చల్లగాలి బరువు. రాత్రి గాలి లేనప్పుడు అది పల్లానికి జారి, ఎండ తగిలేదాకా అక్కడే నిలిచిపోతుంది. నాలుగు అడుగులు పైకెక్కితే మళ్లీ వేడి. రోడ్డు మీద ఇన్నేళ్లు పరుగెత్తినా గాలికి ఇన్ని పొరలుంటాయని నాకు తెలియలేదు. ఇప్పుడైతే ఏ మలుపులో చల్లగా ఉంటుందో తెలుసు కాబట్టి, దాని కోసమే ఆ దారిన వెళ్తాను.

ఇక చెట్లు. ఎండాకాలంలో అడవి ఎండిపోయి ఉంటుందనుకుంటాం. టేకుచెట్లు నిజంగానే మోడుల్లా నిలబడతాయి, కింద విస్తరంత ఆకులు పరుచుకుని అడుగు వేస్తే కరకరమంటాయి. ఒక తొండ పారిపోయినా వినిపిస్తుంది. కానీ అదే అడవిలో కానుగ నిగనిగలాడే లేతాకు వేస్తుంది. రావి, వేప చిగురిస్తాయి. వాన చుక్క పడడానికి రెండు నెలల ముందు, నేల నెర్రెలిచ్చి ఉన్నప్పుడు, ఈ చెట్లు నీడ తయారుచేస్తాయి. రేలచెట్టు ఒంటి మీద ఆకు లేకుండా పసుపుపచ్చని పూలగుత్తులు వేలాడదీస్తుంది. ఆకులు రాలిపోవడం వల్ల కొండ ఒళ్లు కూడా బయటపడుతుంది. ఆగస్టులో పొదల వెనక దాగిన బండలు, పాత నీటిదారులు, అవతలి గట్టు, అన్నీ కనిపిస్తాయి. దారి తప్పే భయం కూడా వేసవిలో తక్కువ. ఒక్క జాగ్రత్త: ఎండుటేకాకు మంచు మీద కాలు పెట్టినంతగా జారుతుంది, దాని కింద గుంట ఉందో రాయి ఉందో తెలీదు. దిగుడులో చిన్న చిన్న అడుగులు వేయండి.

మొదటి వారం మాత్రం బాగుండదని ముందే చెబుతున్నాను. తల దిమ్ముగా ఉంటుంది, కాళ్లు బరువెక్కుతాయి, ఇదంతా మనవల్ల కాదేమో అనిపిస్తుంది. మానేయకండి, అలాగని పంతానికీ పోకండి. రోజూ అరగంట, నలభై నిమిషాలు నెమ్మదిగా తిరిగితే చాలు. పది, పద్నాలుగు రోజుల్లో ఒళ్లు మారిపోతుంది. రక్తంలో ద్రవభాగం పెరుగుతుంది, గుండె దడ తగ్గుతుంది, చెమట త్వరగా మొదలవుతుంది, అందులో ఉప్పు తగ్గుతుంది. ఈ చివరిది కళ్లతో చూడొచ్చు. ఏప్రిల్ మొదట్లో నా టోపీ అంచున తెల్లటి ఉప్పుచారలు మందంగా కట్టేవి. నెలాఖరుకి అదే టోపీ, అంతకంటే ఎక్కువ ఎండ, కానీ చారలు పల్చబడ్డాయి. మందూ మాకూ లేకుండా ఒళ్లు తనంతట తాను సర్దుకుంటుంటే చూడడం నాకు గొప్ప సంతోషాన్నిచ్చింది. కొన్ని వారాలు ఏసీలో కూర్చుంటే ఈ అలవాటు పోతుంది, మళ్లీ మొదటినుంచి రావాల్సిందే.

హైదరాబాద్ వేడికి అలవాటుపడినవాళ్లకు విశాఖలో వేరే సంగతి ఎదురవుతుంది. అక్కడ పొద్దున్నే ఫోన్‌లో చూస్తే 28 డిగ్రీలే ఉంటుంది. మన 42 ముందు అదెంత అనుకుని మాధవధార వైపు నుంచి సింహాచలం పాత మెట్లదారి ఎక్కితే, పావుగంటలో బట్టలు పిండితే కారేంతగా తడిసిపోతాయి. అయినా ఒళ్లు చల్లబడదు. చెమట కారడం వల్ల చల్లదనం రాదు, ఆవిరైతేనే వస్తుంది. ఒక లీటరు చెమట ఆవిరైతే దాదాపు 580 కిలో కేలరీల వేడిని పట్టుకుపోతుంది. సముద్రపు తేమ నిండిన గాలిలో అది ఆవిరి కాకుండా నేలపాలవుతుంది. హైదరాబాద్ పొడిగాలిలో దీనికి పూర్తిగా వ్యతిరేకం. చెమట పట్టిన క్షణానే ఎగిరిపోతుంది, చొక్కా పొడిగా ఉంటుంది, ఎంత నీరు పోయిందో తెలియదు. అందుకని అప్పుడప్పుడు పరుగుకు ముందూ తర్వాతా బరువు చూసుకోండి. ఒక కిలో తగ్గితే సుమారు లీటరు నీరు పోయినట్టు. కాబట్టి విశాఖ, కాకినాడ, నెల్లూరు వైపు పరుగెత్తేవాళ్లు ఉష్ణోగ్రత ఒక్కటే చూస్తే చాలదు, తేమ కూడా చూడాలి. అదే సింహాచలం కొండ చుట్టూ ఆషాఢ పౌర్ణమి గిరి ప్రదక్షిణకు జనం 32 కిలోమీటర్లు నడుస్తారు. పెద్దవాళ్లు కూడా ఆ ఉక్కలో ఎలా నడుస్తారా అని అనుకునేదాన్ని. వాళ్లు తొందరపడరు, దారిలో ఎవరు మజ్జిగ ఇస్తే అక్కడ ఆగి తాగుతారు. వేసవి పరుగుకు దాన్ని మించిన పద్ధతి నాకు కనిపించలేదు.

తాగడం గురించి. గంటలోపు పరుగుకు అర లీటరు సీసా చేతిలో ఉంటే సరిపోతుంది. గంట దాటితే ఉప్పు కూడా కావాలి. మందుల షాపులో దొరికే ఓఆర్ఎస్ పొడిని, ప్యాకెట్ మీద ఎన్ని నీళ్లు రాసి ఉంటే అన్ని నీళ్లలోనే కలపండి. అట్టడబ్బాల్లో దొరికే తియ్యటి పానీయాలు దానికి బదులు కావు. ఉప్పు, నిమ్మరసం పిండిన పల్చటి మజ్జిగ ఇంటికొచ్చాక చాలా మంచిది. అలాగని లీటర్లకు లీటర్లు ఉత్తనీళ్లు పట్టించకండి. రక్తంలో సోడియం పలచబడితే వికారం, తలనొప్పి వస్తాయి, బాగా తగ్గితే ప్రాణం మీదికొస్తుంది. దాహానికి తగ్గట్టు తాగితే చాలు.

ముంజల గురించి చెప్పకపోతే ఈ జవాబు పూర్తి కాదు. అనంతగిరి నుంచి చేవెళ్ల మర్రిచెట్ల మీదుగా వెనక్కి వస్తుంటే, ఏప్రిల్ చివర్లో రోడ్డు పక్కన తాటికాయల గెలలు పోసుకుని కూర్చుంటారు. కొడవలితో పైభాగం ఒక్క వేటుకు చెక్కేస్తే మూడు కళ్లు బయటపడతాయి. బొటనవేలు గుచ్చి ముంజను ఎత్తి, మోదుగాకులోనో కాగితంలోనో పెట్టి ఇస్తారు. మీదున్న పల్చటి తోలు తీసే ఓపిక నాకుండదు, అలాగే తినేస్తాను, కొంచెం వగరుగా ఉంటుంది. కొరకగానే మధ్యలోని నీళ్లు చిమ్మి గడ్డం మీదుగా మోచేతిదాకా కారతాయి. ఎంచుకునేటప్పుడు "అమ్మా, లేతవి ఇవ్వు" అని అడగండి. ముదిరితే రబ్బరులా సాగుతుంది, కడుపునొప్పి కూడా వస్తుంది. గంటన్నర కొండ తిరిగి వచ్చిన నోటికి ఆ ముంజ రుచి ఎంత బాగుంటుందో, ఇంట్లో ఫ్రిజ్‌లోంచి తీసి తింటే అందులో సగం కూడా ఉండదు.

ఇప్పుడు భయపడాల్సిన విషయం. 2015 మే నెల వడగాడ్పుల్లో మన రెండు రాష్ట్రాల్లోనే రెండు వేలకు అటూఇటూగా జనం చనిపోయారు. కాబట్టి వాతావరణ శాఖ ఆరెంజ్, రెడ్ హెచ్చరిక ఇచ్చిన రోజు పరుగు వద్దు. జ్వరం తగిలి తగ్గిన వారంలో వద్దు. రాత్రి నిద్ర లేకపోతే వద్దు. బీపీకి, గుండెకు మందులు వాడేవాళ్లు ముందు డాక్టర్‌ను అడగాలి, కొన్ని మందులు ఒంట్లో నీటిని తగ్గిస్తాయి. ఎండలో ఒళ్లు గగుర్పొడిచి చలి వేసినట్టున్నా, తల తిరిగినా, అడుగు తడబడినా ఆ క్షణమే ఆగి నీడకు చేరండి. తోటివాళ్లు పొంతన లేకుండా మాట్లాడుతుంటే అది వడదెబ్బే అనుకోండి. చెమట ఆగిపోతేనే వడదెబ్బ అని చాలామంది నమ్మకం. పరుగులో వచ్చే వడదెబ్బకు చెమట పడుతూనే ఉండొచ్చు. 108కి ఫోన్ చేస్తూనే, దగ్గరున్న నీళ్లన్నీ ఒంటి మీద పోసి, విసరండి. అంబులెన్స్ వచ్చేదాకా చల్లబరచడం ఆపకూడదు. స్పృహ సరిగా లేని మనిషి నోట్లో నీళ్లు పోయకండి. ఈ కారణంగానే నేను ఒంటరిగా వెళ్లను, ఎవరూ దొరకని రోజు ఊరి పార్కుతో సరిపెట్టుకుంటాను.

పాముల గురించి చాలామంది అడుగుతారు. వేసవిలో అవి రాత్రిపూట, తెల్లవారుజామున తిరుగుతాయి. బాగా వెలుతురు వచ్చేదాకా తలలైటు పెట్టుకోండి, బండ ఎక్కేటప్పుడు కనిపించని సందుల్లో చెయ్యి పెట్టకండి. రక్తపింజర ఎండుటాకుల్లో కలిసిపోతుంది, కాబట్టి చెవుల్లో పాటలు వద్దు, బుస వినపడాలి. బండల కింద తేనెపట్టు కనిపిస్తే గొడవ చేయకుండా దూరంగా తప్పుకోండి. అడవిలో అటవీ శాఖ అనుమతించిన దారుల్లోనే, వాళ్లు చెప్పిన వేళల్లోనే వెళ్లండి. అగ్గిపుల్ల మాత్రం ఎవరి జేబులోనూ ఉండకూడదు, ఎండుగడ్డి అంటుకుంటే ఆపడం ఎవరి తరం కాదు.

మే నెలలో ఒక సాయంత్రం ఉరుములతో వాన కురిసిందంటే మర్నాడు పొద్దున్న తప్పకుండా వెళ్లండి. వాన పడుతుండగా మాత్రం బండల మీద ఉండకూడదు, పిడుగుల కాలం. మర్నాడైతే దుమ్ము అణిగి, మట్టి కాలికి మెత్తగా తగులుతుంది, ఉసిళ్ల రెక్కలు దారంతా పరుచుకుని ఉంటాయి. ఎండిన గడ్డి వాసన, తడిమట్టి వాసన కలిసి వస్తాయి. ఉక్క కొంచెం ఎక్కువగా ఉంటుంది, వేగం ఇంకాస్త తగ్గించుకోండి. రోహిణి కార్తె దాటి తొలకరి పడ్డాకైతే ఎర్రటి మఖమల్ బొత్తాల్లాంటి ఆరుద్ర పురుగులు బయటికొస్తాయి. చిన్నప్పుడు అగ్గిపెట్టెల్లో దాచుకున్నవే. అవి తిరిగే చోట పరుగు ఆపి నడిచి దాటతాను.

బూట్ల విషయం. మొదటి నెల మీ రోడ్డు బూట్లే చాలు. అడుగు అరిగిపోయి ఉంటే మాత్రం గ్రానైట్ మీద ఇసక రేణువులకు జారుతుంది, మార్చండి. అనంతగిరి లాంటి మట్టి దిగుళ్లు అలవాటయ్యాక అడుగున పళ్లున్న ట్రెయిల్ బూట్లు కొనుక్కోవచ్చు. వేడికి పాదం కొద్దిగా ఉబ్బుతుంది, కాబట్టి సాయంత్రం పూట షాపుకెళ్లి, బొటనవేలి ముందు అర అంగుళం ఖాళీ ఉండేలా చూసుకోండి. సాక్సు నూలువి వద్దు, తడిస్తే బొబ్బలెక్కిస్తాయి. పల్లేరుకాయలు గుచ్చుకోకుండా చీలమండ దాటేంత పొడవున్నవి తీసుకోండి.