దేవుణ్ణి నమ్మని మానవతావాదం కూడా మరో మతమేనా?

మీరు అడిగినవి రెండు. మానవతావాది కావాలంటే భౌతికవాది అయి తీరాలా? సెక్యులర్ మానవతావాదం కూడా చివరికి ఒక మతమే కదా? మొదటిదానికి నా జవాబు, అక్కర్లేదు. రెండోదానికి జవాబు మీరు ఎందుకు అడుగుతున్నారన్నదాన్ని బట్టి మారుతుంది.

ఈ వాదనలు దాదాపు ఎప్పుడూ ఒకే చోట చిక్కుపడతాయి, మూడు వేరు ప్రశ్నలను ఒక్కటిగా ముడేయడం దగ్గర. అసలు ఉన్నదేమిటి? మంచిచెడ్డలు దేన్నిబట్టి తేల్చుకోవాలి? ప్రభుత్వం ఎవరి నమ్మకం పక్షాన నిలబడాలి? ఉన్నదంతా పదార్థమే, మనసు కూడా దాన్నుంచి పుట్టిందే అనే భౌతికవాదం మొదటి ప్రశ్నకు జవాబు (డబ్బు మీద మోజుకూ దీనికీ సంబంధం లేదు). దేవుడి మాటను బట్టి కాక మనిషి మేలును బట్టి మంచిచెడ్డలు తేల్చుకోవాలనే మానవతావాదం రెండోదానికి, ప్రభుత్వం ఎవరి నమ్మకం పక్షానా నిలబడకూడదనే సెక్యులరిజం మూడోదానికి. మతం మొదటి రెండింటికీ, చాలాసార్లు మూడోదానికీ, కలిపి ఒకే జవాబిస్తుంది. అందుకే విశ్వాసులకు అవతలివాళ్ల మూడు జవాబులూ ఒకే మూటలా కనబడతాయి.

సెక్యులరిజం అనే మాటను 1851లో వాడుకలోకి తెచ్చిన ఇంగ్లండ్ రచయిత జార్జ్ హోలియోక్ అంతకుముందు 1842లో దైవదూషణ నేరానికి ఆరు నెలల జైలు శిక్ష పడినవాడు. అయినా సెక్యులరిస్టు కావడానికి నాస్తికత్వం షరతు కాదన్నాడు. అక్కడి నాస్తిక నాయకుడు చార్లెస్ బ్రాడ్లా దీనికి ఒప్పుకోలేదు. 1870లో ఇద్దరూ బహిరంగంగా వాదించుకున్నారు. హోలియోక్ చెప్పిందే సరైనదని నా అభిప్రాయం, దానికి మంచి సాక్ష్యం బ్రాడ్లా కథే. 1880లో ఆయన నార్తాంప్టన్ నుంచి బ్రిటిష్ పార్లమెంటుకు గెలిచాడు. దైవసాక్షిగా కాక మనస్సాక్షిగా ప్రమాణం చేస్తానంటే కుదరదన్నారు. పోనీ అందరిలా దైవసాక్షిగానే చేస్తానంటే, నమ్మనివాడి ప్రమాణం చెల్లదన్నారు. వెనక్కి తగ్గనందుకు ఒక రాత్రి పార్లమెంటు గడియార గోపురంలో నిర్బంధించారు. సీటు పోవడం, అదే ఊరి ఓటర్లు మళ్లీ గెలిపించడం పదేపదే జరిగింది. చివరికి 1886లో సభలో కూర్చోగలిగాడు. మనస్సాక్షిగా ప్రమాణం చేసే హక్కు 1888 చట్టంతో అందరికీ దక్కింది. ఆ చట్టానికి ఓటేసినవాళ్లలో ఎక్కువమంది దేవుణ్ణి నమ్మినవాళ్లే.

దీనికి తలకిందులైన ఉదాహరణ అల్బేనియా. భౌతికవాదమే అధికార సిద్ధాంతమైన ఆ దేశంలో 1967లో మసీదులూ చర్చిలూ మూసేశారు. మొదటి ప్రశ్నకు ప్రభుత్వమే జవాబు ఖరారు చేసి ప్రజల మీద రుద్దితే అది సెక్యులరిజం కాదు. అక్కడ మానవతావాదానికీ చోటు మిగల్లేదు.

భౌతికవాదం ఒప్పుకున్నంత మాత్రాన మానవతావాదం దానంతటదే రాదు. ఉన్నదాన్నుంచి ఉండాల్సినదాన్ని నేరుగా రాబట్టలేమని తత్వవేత్త డేవిడ్ హ్యూమ్ 1740లోనే ఎత్తిచూపాడు. మనిషి అణువుల సముదాయమే అన్నంతలో, ఆ మనిషిని హింసించకూడదని తేలదు. ఎదుటివాడి బాధ లెక్కలోకి వస్తుందన్న విలువను విడిగా ఒప్పుకోవాలి. చాలామంది హేతువాదులు ఈ మెట్టు దాటేస్తారు, విశ్వాసి సరిగ్గా అక్కడే పట్టుకుంటాడు. అయితే విశ్వాసికీ ఇదే చిక్కుంది. దేవుడు చెప్పాడు కాబట్టి అది మంచిదా, మంచిది కాబట్టి చెప్పాడా అన్న పాత ప్రశ్నకు ఆయనా జవాబు వెతుక్కోవాలి.

సైన్సు చేయడానికి కూడా భౌతికవాది కానక్కర్లేదు. విశ్వం ఒక ఆదిమ అణువు నుంచి మొదలైందని 1931లో ప్రతిపాదించిన జార్జ్ లెమేత్ర్ కాథలిక్ ఫాదర్. 1951లో పోప్ ఆ సిద్ధాంతాన్ని సృష్టికి సాక్ష్యంగా చెప్పబోతే లెమేత్ర్‌కు నచ్చలేదు. తన పరికల్పన మతచర్చకు బయటే ఉండాలన్నాడు.

ఇక మతమా కాదా అన్నది. 1933లో అమెరికాలో 34 మంది సంతకం చేసిన మానవతావాద ప్రణాళిక తనను తానే మతపరమైనదిగా చెప్పుకుంది. సంతకం చేసినవాళ్లలో యూనిటేరియన్ అనే ఉదార మతశాఖ బోధకులూ ఉన్నారు. అయితే 1952లో ఆమ్‌స్టర్‌డామ్‌లో మానవతావాదులు చేసిన ప్రకటనను 2002లో, 2022లో తిరగరాశారు. దైవవాక్కు అనుకునేదాన్ని అలా సవరించరు కదా. సిద్ధాంతపరంగా చూస్తే ఇది మతం కాదు. సైన్యంలో చేరనని మనస్సాక్షి కారణంగా చెప్పే హక్కు లాంటి విషయంలో మాత్రం మతంతో సమానంగా చూడటం న్యాయం. 1965లో అమెరికా సుప్రీంకోర్టు ఒక కేసులో ఆ దారే పట్టింది.

మానవతావాదం బాగా వెనకబడింది తంతుల దగ్గర. పెళ్లికీ చావుకీ నలుగురు కూడి చేసేదేదో మనిషికి కావాలి. కొన్నిచోట్ల మాత్రం ఈ లోటు పూడుస్తున్నారు. నార్వేలో 1951 నుంచి యువతకు మతంతో పనిలేని కన్ఫర్మేషన్ (చర్చిలో యువత తమ విశ్వాసాన్ని ధ్రువీకరించే తంతుకు బదులుగా) జరుపుతున్నారు. స్కాట్లాండ్‌లో 2005 నుంచి మానవతావాద వివాహాలకు చట్టబద్ధత ఉంది.

ఇంట్లో నమ్మేవాళ్లూ నమ్మనివాళ్లూ ఉంటే చర్చను మూడో ప్రశ్నతో మొదలుపెట్టండి. ఎవరినీ ఏ తంతుకూ బలవంతపెట్టకూడదన్న దగ్గర ఒప్పందం తొందరగా కుదురుతుంది. తర్వాత రెండోది, దేవుడున్నాడా అన్నది ఆఖర్న. అది తేలకపోయినా మిగతా రెండింటి మీద కుదిరిన మాట చెడదు. మతం లేని అంత్యక్రియలు కోరుకునేవాళ్లు ఎవరు మాట్లాడాలి, ఏం చదవాలి, ఏం చేయొద్దు అన్నవి ముందే కాగితం మీద రాసి, ఆ రోజు పనులు చూసుకోవాల్సిన మనిషికి బతికుండగానే చదివి వినిపించండి. బంధువులకు విడిగా ప్రార్థన చేసుకునే వీలు ఉంచాలో లేదో కూడా అందులోనే రాయండి. గొడవలు ఎక్కువగా వచ్చేది దాని దగ్గరే.