పన్ను కడితేనే డబ్బులిస్తామంటున్నారు.. కట్టాలా?

ప్రశ్న: మాది గుంటూరు. మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో గుమస్తాగా చేస్తున్నాను. మ్యాచ్ ఎవరు గెలుస్తారు, ఫలానా రోజుకి బంగారం ఇంత దాటుతుందా అని అడిగితే అవును, కాదు అని డబ్బు పెట్టి చెప్పే యాప్ ఒకటి స్నేహితుడు టెలిగ్రామ్‌లో పంపాడు. 60 వేలు పెట్టాను. మొదట్లో 3 వేలు తీస్తే వెంటనే వచ్చాయి. ఇప్పుడు లక్షా 40 వేలు చూపిస్తోంది. తీసుకోవాలంటే ముందు 30 శాతం పన్ను 42 వేలు కట్టమంటున్నారు. ఇది ట్రేడింగే కదా, కట్టొచ్చా?
- ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: ఆ 42 వేలు కట్టకండి. ఒక్క రూపాయి కూడా పంపకండి. మిగతా సంగతులు ఆ తర్వాత.

ఆన్‌లైన్ ఆటల్లో గెలిచిన దానిపై 30 శాతం పన్ను ఉన్న మాట నిజమే. కానీ 2023 ఏప్రిల్ నుంచి ఉన్న పద్ధతి ప్రకారం దాన్ని డబ్బు ఇచ్చేవాళ్లే మీకు రావాల్సిన దాంట్లోంచి పట్టుకుని ప్రభుత్వానికి జమ చేయాలి. ముందు మీరు పంపితే తర్వాత మేమిస్తాం అనేది పన్ను కాదు. లెక్క కూడా చూడండి: మీకు కనిపిస్తున్న లాభం 80 వేలు, దానిపై 30 శాతం 24 వేలే. వాళ్లు మీ అసలు మీద కూడా వేశారు. ఇది కడితే రేపు ఇంకేదో చార్జీ అంటారు.

ఇక ట్రేడింగ్ అన్న మాట. ఇలాంటి యాప్‌లు తమ నియంత్రణలో లేవని, ఇన్వెస్టర్లకుండే రక్షణ వీటికి వర్తించదని స్టాక్ మార్కెట్లను నియంత్రించే సెబీ 2025 ఏప్రిల్‌లోనే హెచ్చరించింది. యార్డులో ఉన్న మీకు తేడా తేలిగ్గానే తెలుస్తుంది. రేటు పెరుగుతుందని ఒకాయన వంద టిక్కీలు (మిర్చి బస్తాలు) కొని కోల్డ్ స్టోరేజీలో పెడతాడు. అదీ అంచనాయే. కానీ రేటు పడినా కాయ ఆయన దగ్గరే ఉంటుంది. మీ యాప్‌లో సరుకే లేదు, ఒకరి డబ్బు ఇంకొకరికి పోవడమే. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 30వ సెక్షన్ ప్రకారం పందెం ఒప్పందం చెల్లదు, గెలిచిన సొమ్ముకు దావా వేయలేరు. అందుకే ఆ 80 వేలు మర్చిపోండి. మోసపోయి ఇచ్చిన మీ 60 వేల కోసం మాత్రం గట్టిగా ప్రయత్నించండి.

2025 ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదం పొందిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం నైపుణ్యమా, అదృష్టమా అని చూడదు. డబ్బు పెట్టి ఆడించేవాళ్లకు 3 ఏళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా. ప్రచారం చేసేవాళ్లకు 2 ఏళ్లు, 50 లక్షల వరకు. కాబట్టి ఆ లింకు మీరు ఇంకెవరికీ పంపకండి. ఈ చట్టం ఆడినవాళ్లను శిక్షించదు. అయితే మన రాష్ట్ర గేమింగ్ చట్టాన్ని 2020లో సవరించారు. దాని ప్రకారం ఆన్‌లైన్‌లో పందెం ఆడినవాళ్లకు కూడా 6 నెలల వరకు జైలు పడొచ్చు. ఈ భయంతోనే చాలామంది నోరు మూసుకుని ఉండిపోతారు. అలా చేయొద్దని మిమ్మల్ని బతిమాలుతున్నాను. ఇవాళే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయండి, డబ్బు ఇంకో ఖాతాకు మారకముందే ఆపగలిగితే దొరికే అవకాశం ఉంటుంది. రాతపూర్వక ఫిర్యాదు ఇచ్చే ముందు దగ్గర్లోని న్యాయవాదికి చూపించండి, కానీ ఆడిన విషయం దాచకండి.

ఇంకో సంగతి. ఆ 3 వేలు ఎవరి ఖాతా నుంచి మీకు జమయ్యాయో బ్యాంకు స్టేట్‌మెంట్‌లో చూడండి. ముక్కూమొహం తెలియని మనిషి పేరుంటే అది మరో బాధితుడి డబ్బు కావచ్చు. అప్పుడు ఏ రాష్ట్రం పోలీసులైనా మీ ఖాతా ఫ్రీజ్ చేయించవచ్చు, జీతం కూడా అందులోనే ఇరుక్కుంటుంది. అలా జరిగితే ఏ స్టేషన్, ఫిర్యాదు నంబరు ఎంత అన్నది బ్యాంకు నుంచి రాతపూర్వకంగా తీసుకోండి. మొత్తం ఖాతా కాకుండా ఆ 3 వేల వరకే ఆపమని అర్జీ పెట్టుకోవచ్చు. కమీషన్ ఇస్తాం, మీ ఖాతా వాడుకోనివ్వండి అని అడిగితే మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ ఒప్పుకోకండి. అప్పుడు మీరు బాధితుడు కాదు, నిందితుడవుతారు.

టెలిగ్రామ్ చాట్, ప్రతి చెల్లింపు యూటీఆర్ నంబరు (బ్యాంకు లావాదేవీ నంబరు) ఇప్పుడే ప్రింటు తీసి పెట్టుకోండి. కోపంతో యాప్‌ని ఫోన్‌లోంచి తీసేయకండి, దర్యాప్తు అధికారి చూపించమని అడుగుతారు.