డేకేర్ గేటు దగ్గర బాబు నా మాట వినడు, ఆయమ్మ మాట మాత్రం వింటాడు, ఎందుకలాగ?

మూడేళ్ల బాబు గేటు దగ్గర చెప్పులు విసిరేసి మిమ్మల్ని కొడుతున్నాడు, ఆయమ్మ చెయ్యి పట్టుకుంటే మాత్రం కిక్కురుమనకుండా లోపలికి వెళ్లిపోతున్నాడు అన్నారు కదండీ, ఇది మీ పెంపకంలో లోపం అస్సలు కాదు. పిల్లలు తమ కోపం, బెంగ అంతా బాగా నమ్మకం ఉన్న మనిషి దగ్గరే చూపిస్తారు, ఏం చేసినా అమ్మ వదిలేయదని వాడికి తెలుసు, ఆయమ్మ దగ్గర ఆ ధైర్యం ఇంకా రాలేదు అంతే. దానికితోడు ఈ వయసులో "నేనే చేస్తా" అనే పంతం ఎక్కువ కదా.

మా పాప విజయనగరంలో డేకేర్‌కి వెళ్లిన కొత్తలో నా చున్నీ చివర పిడికిట్లో బిగించి వదిలేది కాదు, నేనేమో అది ఆటల్లో పడగానే చెప్పకుండా జారుకునేదాన్ని, దాంతో బెంగ ఇంకా ముదిరి ఇంట్లో బాత్రూమ్‌కి వెళ్లినా వెంటపడేది. దయచేసి అలా చేయకండి. ముద్దు పెట్టి, "అన్నం తిని పడుకుని లేచేసరికి వస్తా" అని చెప్పి ఒక్క నిమిషంలో వచ్చేయండి, వెనక్కి తిరిగి మళ్లీ వెళ్లొద్దు, చెప్పిన టైముకి మాత్రం తప్పకుండా వెళ్లండి. "బ్యాగ్ నువ్వు పట్టుకుంటావా, బాటిల్ పట్టుకుంటావా" అని అడిగితే పంతం కొంచెం తగ్గుద్ది. కొట్టబోతే చెయ్యి మెల్లగా పట్టుకుని "కొట్టకూడదు నాన్నా" అనండి చాలు, గేటు దగ్గర క్లాస్ పీకొద్దు.

నాలుగు వారాలు దాటినా తగ్గకపోయినా, రోజూ కడుపునొప్పి, వాంతులు, నిద్రలో ఉలికిపాటు ఉన్నా పిల్లల డాక్టర్‌కి చూపించండి. ఒకవేళ ఆయమ్మని చూసి బిగుసుకుపోతుంటే, భయపడుతున్నట్టు అనిపిస్తే మాత్రం ఆగకండి, ఆరోజే లోపలికెళ్లి కనుక్కోండి.