ఎవరిదీ కాని ముఖం

చిరంజీవికి ఆశీస్సులు.

నీ కథ, దానికి ఏఐతో చేయించిన ముఖచిత్రం అందాయి. కథ గురించి విడిగా రాస్తాను. బొమ్మలో ఆ వృద్ధురాలి నుదుటి ముడతలు లెక్కపెట్టేంత స్పష్టంగా ఉన్నాయి గానీ, ఒళ్లో పెట్టుకున్న చేతులు మాత్రం పాతికేళ్ల పిల్లవి. నీ కథలో ఆమెకు ముందు పన్ను విరిగి ఉంటుంది. బొమ్మలో పలువరుస తీర్చిదిద్దినట్టు ఉంది. ఇవి దిద్దుకోగల లోపాలే. "ఆమె ఎవరూ కాదు కదా, ఇక ఎవరి అనుమతి తీసుకోవాలి?" అన్న నీ ప్రశ్నే నన్ను కలవరపెట్టింది.

లేని మనుషుల ముఖాలను చూపించి 2019లో అందరినీ అబ్బురపరచిన స్టైల్‌గాన్ అనే ఏఐ ప్రోగ్రాంకు, ఫ్లికర్ అనే ఫొటోల వెబ్‌సైట్‌లో జనం పెట్టుకున్న ఫొటోల నుంచి ఏరిన 70,000 ముఖచిత్రాలతో శిక్షణ ఇచ్చారు. వాటి లైసెన్సు ఫొటో పెట్టినవారు ఇచ్చినదే తప్ప, ఫొటోలో ఉన్నవారిని ఎవరూ విడిగా అడగలేదు. బొమ్మలు చేసే ఏఐకి శిక్షణ ఇవ్వడానికి తర్వాత వచ్చిన లయాన్-5బి అనే సంకలనంలో దాదాపు 585 కోట్ల బొమ్మల లంకెలున్నాయి. చికిత్స సమయంలో వైద్యుడు తీసిన తన ముఖం ఫొటోలు అందులో ఉన్నాయని 2022లో ఒక చిత్రకారిణి కనిపెట్టింది. ఆమె ఒప్పుకున్నది తన వైద్య రికార్డు కోసం మాత్రమే. నువ్వు ఎవరూ కాదంటున్న ముఖం ఇలా అడగకుండా తీసుకున్న ఎందరి ముఖాల నుంచో వచ్చింది. అందుకే బతికున్న మనిషి పేరు గానీ, చిత్రకారుడి పేరు గానీ చెప్పి ఏఐని బొమ్మ అడగవద్దు.

చూసేవారి పట్ల బాధ్యత ఇంకా బరువైనది. ఇల్లు కోల్పోయిన కుటుంబాల గురించి రాసిన ఒక వ్యాసానికి, వేళకు ఫొటో దొరక్క, నేను యంత్రం చేసిన పసివాడి బొమ్మ పెట్టాను. ఆ పిల్లవాడికి సాయం చేస్తాను, ఎక్కడుంటాడో చెప్పమని ఒక పాఠకురాలు ఉత్తరం రాసింది. అలాంటి పిల్లవాడు లేడని జవాబు రాయడానికి నాకు మూడు రోజులు పట్టింది. ఆమె మళ్లీ రాయలేదు. వ్యాసంలోని నిజమైన కుటుంబాలను కూడా ఆమె నమ్మడం మానేసిందేమోనన్న బాధ నన్ను ఇంకా వదలలేదు.

2023లో బోరిస్ ఎల్డాగ్సెన్ అనే జర్మన్ కళాకారుడు, ఏఐతో చేసిన ఇద్దరు స్త్రీల చిత్రానికి సోనీ ప్రపంచ ఫొటోగ్రఫీ పోటీలో బహుమతి వస్తే, అది ఫొటో కాదంటూ తిరస్కరించాడు. ఆ మాట పోటీకి పంపేటప్పుడే చెప్పి ఉండవలసిందని నా అభిప్రాయం. నువ్వు బొమ్మ వాడదలిస్తే అది యంత్రం చేసినదన్న సంగతి బొమ్మ కిందే రాయి, పుస్తకం చివరి పేజీలో కాదు. చూడగానే ఫొటో అనిపించేలా చేయించకు. నిజంగా జరిగిన బాధకు సాక్ష్యంగా మాత్రం ఎన్నడూ పెట్టకు.

నీ పక్కింటి పెద్దావిడను చూసి ఆ పాత్రను రాశానన్నావు. ముందు ఆమెను అడుగు. సరేనంటే పక్కన కూర్చుని ఆ చేతులను గీయించు. వద్దంటే బొమ్మ లేకుండానే కథ పంపు.