కరిగిపోయే కుట్లని బ్యాక్టీరియా తినేస్తుందా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది కాకినాడ దగ్గర పల్లెటూరు. మా అమ్మాయికి సిజేరియన్ అయి 20 రోజులైంది. కరిగిపోయే కుట్లు వేశాం, తీయాల్సిన పనిలేదు అన్నారు. నిన్న కుట్టు చివర సన్నగా దారం ముక్క పైకి కనిపించింది. చీము లేదు, జ్వరం లేదు. ఇంతలో మా అల్లుడు ఫోన్లో ఒక వార్త చూపించాడు, ఆస్పత్రుల్లో ఉండే ఒక బ్యాక్టీరియా ఆపరేషన్లలో వాడే ప్లాస్టిక్‌ని తినేస్తుందంట. లోపలి కుట్లు ఊడిపోతాయేమోనని నాకు నిద్ర పట్టట్లేదు. చీము పడుతుందని పప్పు మాన్పించాను. ఇంకొకటి, అల్లుడు హోటల్ నుంచి సాంబారు మట్టిలో కలిసిపోయే కవర్లో తెస్తున్నాడు, బాలింతకి అది పెట్టొచ్చా?

సమాధానం: అమ్మా, ముందు ఆ దారం సంగతి. దాన్ని పట్టుకుని లాగొద్దు, ఇంట్లో కత్తెరతో కత్తిరించొద్దు. చర్మం కింద వేసిన ముడి కొస ఒక్కోసారి ఇలా పైకి వస్తుంది, ఒంటికి అది బయటి వస్తువే కదా, నెట్టేస్తుంది, చాలామందికి అవుతుంది. మీరు చెప్పినదాన్ని బట్టి భయపడాల్సిందేమీ కనపడట్లేదు, కానీ నేను కళ్లారా చూడలేదు కాబట్టి రెండు మూడు రోజుల్లో ఆపరేషన్ చేసిన డాక్టర్‌కి ఒకసారి చూపించండి, కావాలంటే వాళ్లే ఆ పైముక్క తీసేస్తారు, నిమిషం పని.

మీ అల్లుడు చూపించిన వార్త నిజమే. 2025లో లండన్‌లోని బ్రూనెల్ యూనివర్సిటీలో రోనన్ మెకార్తీ వాళ్ల టీమ్, ఒక పేషెంట్ పుండులోంచి తీసిన సూడోమోనాస్ ఎరుజినోసా అనే బ్యాక్టీరియాని పరీక్షించారు. అది పాప్1 అనే ఎంజైమ్ తయారుచేస్తోంది, ఆ ఎంజైమ్ ఆస్పత్రుల్లో వాడే పీసీఎల్ అనే ప్లాస్టిక్‌ని ల్యాబ్‌లో 7 రోజుల్లో 78 శాతం దాకా ముక్కలు చేసేసింది. ఆ ముక్కలే దానికి తిండి. అంతకన్నా మమ్మల్ని కలవరపెట్టింది ఏంటంటే, ఆ ముక్కల్ని తన చుట్టూ కట్టుకునే జిగురు పొరలో కూడా వాడుకుని ఇంకా గట్టిపడుతోంది, ఆ పొరనే బయోఫిల్మ్ అంటాం, అది కట్టిందంటే యాంటీబయాటిక్స్ సరిగ్గా పనిచెయ్యవు. ప్లాస్టిక్‌ని తినే బ్యాక్టీరియా అనేది కొత్త కాదు, 2016లో జపాన్‌లోని సకాయ్ ఊళ్లో బాటిల్ రీసైక్లింగ్ చేసేచోట ఒకటి బయటపడింది, ఇలాంటివి చెత్తలో మట్టిలో ఉంటాయనుకునేవాళ్లం, ఇప్పుడు మనిషి పుండులోంచి వచ్చింది కాబట్టి దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు.

అయితే మీ అమ్మాయి కుట్లకి దీన్ని అంటగట్టడం మాత్రం సరికాదు. డిశ్చార్జ్ కాగితంలో చూడండి, వైక్రిల్ అని రాసి ఉండొచ్చు, సిజేరియన్లలో ఎక్కువగా వాడేది అదే. అది 90 పాళ్లు గ్లైకోలైడ్, 10 పాళ్లు లాక్టైడ్‌తో చేసిన దారం. అది కరగడానికి బ్యాక్టీరియాతో పనిలేదు, ఒంట్లో ఉన్న నీరే చాలు. గొలుసుకి కొక్కేలుంటాయి చూడండి, ఆ దారంలో అణువులన్నీ అలా ఒకదానికొకటి తగిలించి ఉంటాయి, నీరు మెల్లగా లోపలికి ఇంకి ఒక్కో కొక్కేన్ని విప్పుకుంటూ పోతుంది, విడిపోయిన ముక్కల్ని శరీరం అన్నం అరిగించుకున్నట్టే అరిగించేసుకుంటుంది, చివరికి మిగిలేది నీళ్లు, ఊపిరితో బయటికి పోయే కార్బన్ డయాక్సైడ్. మూడు వారాలకి దారం బలం దాదాపు సగానికి తగ్గుతుంది, పూర్తిగా పోవడానికి 56 నుంచి 70 రోజులు పడుతుంది. అంటే మీ అమ్మాయి విషయంలో దారం ఇప్పుడు బలహీనపడుతూ ఉండటమే మామూలు, ఈలోపు లోపలి కండ అతుక్కుంటూ ఉంటుంది. (పాతకాలంలో గొర్రె పేగుతో చేసిన క్యాట్‌గట్ దారం వాడేవాళ్లం, దాన్ని మాత్రం మన ఒంట్లోని ఎంజైమ్‌లే కరిగించేవి, పుండు చెడితే ముందుగానే తెగిపోయేది, వైక్రిల్ లాంటివి వచ్చాక ఆ బెంగ చాలా తగ్గింది.)

ఒక మాట దాచకుండా చెప్పాలి. పై చర్మానికి మోనోక్రిల్ అనే ఇంకోరకం కరిగే దారం వేసి ఉంటే అందులో పావు వంతు కాప్రోలాక్టోన్ ఉంటుంది, పీసీఎల్‌కి మూలం అదే. కానీ ఆ పరిశోధన ల్యాబ్ గాజు పాత్రల్లో, పురుగుల మీద జరిగింది, బాలింతల కుట్ల మీద కాదు. పైగా దారాన్ని తినాలంటే ఆ బ్యాక్టీరియా ముందు గాయంలో కాపురం పెట్టాలి, అది జరిగితే దారం సంగతి తర్వాత, గాయమే ముందు చెప్పేస్తుంది. నేను హౌస్ సర్జన్‌గా ఉన్నప్పుడు కాలిన గాయాల వార్డులో కట్టు విప్పితే ఆకుపచ్చ చీము, ఒకరకమైన తియ్యటి వాసన, సూడోమోనాస్ అని ల్యాబ్ నుంచి కల్చర్ రిపోర్టు రాకముందే తెలిసిపోయేది.

కాబట్టి చూసుకోవాల్సింది గాయాన్ని. 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటిన జ్వరం, కుట్టు చుట్టూ ఎరుపు రోజురోజుకీ పాకడం, నొప్పి తగ్గాల్సింది పోయి పెరగడం, చీము గానీ రసి గానీ కారడం, కుట్టు విచ్చుకోవడం, మైల దుర్వాసన రావడం, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా తెల్లారేదాకా ఆగకుండా ఆస్పత్రికి తీసుకెళ్లండి. పసుపు, వేపాకు ముద్ద కుట్టు మీద పెట్టొద్దు. ఈ సూడోమోనాస్‌కి తడి అంటే ప్రాణం, అందుకని స్నానం అయ్యాక మెత్తని శుభ్రమైన గుడ్డతో అద్ది ఆరబెట్టాలి, చెమట పట్టేలా నడుం కట్టు బిగించి కట్టొద్దు.

పప్పు మాత్రం ఈరోజే మొదలుపెట్టండమ్మా. పప్పు తింటే చీము పడుతుందన్న మాట వినీ వినీ నాకు బాధగా ఉంటుంది, ఎందుకంటే గాయం అతుక్కోవడానికి కావాల్సింది ప్రొటీనే, అదే మనవాళ్లు మాన్పిస్తారు. పప్పు, గుడ్డు, పాలు, చేపలు అలవాటుంటే చేపలు, అన్నీ పెట్టండి, నీళ్లు కూడా దాహం వేసినంత తాగనివ్వండి, పిల్లకి పాలివ్వాలి కదా.

ఇక సాంబారు కవరు. ఈ కవర్లని ఎక్కువగా పీబీఏటీ అనే ప్లాస్టిక్‌లో మొక్కజొన్న పిండి గానీ పీఎల్ఏ గానీ కలిపి చేస్తారు, పీఎల్ఏ అంటే ఇందాక చెప్పిన లాక్టైడ్ గొలుసే, మీ అమ్మాయి కుట్టు దారానికి దగ్గరి చుట్టం. మట్టిలో బ్యాక్టీరియా, బూజు కలిసి వీటిని తింటాయి, ఆకుల మీద నీళ్లు నిలవనివ్వని మైనం లాంటి పొర ఉంటుందే, దాన్ని కోసుకుని తినడానికి ఉన్న ఎంజైమ్‌లే ఇక్కడా పనికొస్తున్నాయి. కానీ ఆ కవరు మీద ఉండే కంపోస్టబుల్ సర్టిఫికెట్ చెప్పేది దాన్ని 58 డిగ్రీల సెల్సియస్ వేడి కంపోస్టులో పెడితే 180 రోజుల్లో ఎంత అరుగుతుందీ అని మాత్రమే, పొయ్యి మీంచి దించిన సాంబారు పోసి తినొచ్చు అని కాదు. ఆ సాంబారు కంపోస్టు కన్నా ఎక్కువ వేడి, పీఎల్ఏ 60 డిగ్రీల దగ్గరే మెత్తబడిపోతుంది. 2021లో తిరుమలలో లడ్డూల కోసం డీఆర్డీవో వాళ్లు తయారుచేసిన మొక్కజొన్న పిండి కవర్లు పెట్టారు, లడ్డూ అంటే పొడి వస్తువు, దానికి బాగానే ఉంటుంది. వేడి సాంబారు, పాలు, టీ మాత్రం స్టీలు క్యారియర్‌లో తెమ్మని అల్లుడికి చెప్పండి. ఇన్నాళ్లూ తిన్నదానికి ఏదో అయిపోతుందని మళ్లీ దిగులు పెట్టుకోకండి.

ఇంకొకటి, దారం బలం తగ్గుతున్న రోజులివి కాబట్టి ఆరు వారాలు నిండేదాకా అమ్మాయిని నీళ్ల బిందె ఎత్తనివ్వొద్దు, బిడ్డ కన్నా బరువైంది ఏదీ మొయ్యనివ్వొద్దు.